డిఫెన్స్ ప్రోడక్ట్‌కి సర్కారు గ్రాంటు కావాలా? అప్లై చేసేముందు వేసుకోవాల్సిన లెక్కలు

నెలకి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి ఇదే అడుగుతుంటారు, "అన్నా, ఐడెక్స్‌లో కోటిన్నర ఇస్తారంట కదా, మా దగ్గర మంచి ఐడియా ఉంది, ఎట్లా అప్లై చేయాలి" అని. ఐడెక్స్ అంటే కొత్త డిఫెన్స్ ప్రోడక్టులు చేసేవాళ్ళకి రక్షణ శాఖ గ్రాంటు ఇచ్చే స్కీమ్. అప్లై చేయడం పెద్ద విషయం కాదండీ, పోర్టల్‌లో అకౌంట్ తెరిచి ఫారం నింపితే అయిపోతుంది. తర్వాతే అసలు కథ. చర్లపల్లిలో చిన్న షెడ్ పెట్టుకుని ఎలక్ట్రానిక్స్ బాక్సులు చేసుకునే నాలాంటోడికి ఈ గ్రాంటు అంటే ఏంటో అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది, ఆ రెండేళ్ళు మీకు మిగులుద్దేమో అని ఇది రాస్తున్నా.

ముందు ఒక లెక్క చెప్తా, అది మనసులో పెట్టుకుని మిగతాది చదవండి. 2025లో రక్షణ శాఖ చెప్పిన అంకెల ప్రకారం ఐడెక్స్ కింద అప్పటిదాకా 430 కాంట్రాక్టులు అయ్యాయి, అంటే డెవలప్‌మెంట్‌కి డబ్బులిస్తాం అని రాసుకున్నవి. మరి సైన్యం కొన్నవి ఎన్ని అంటే 43 ఐటమ్స్, విలువ 2,400 కోట్ల పైన. కొన్ని ఇంకా డెవలప్‌మెంట్‌లోనే ఉంటాయి కాబట్టి ఈ పోలిక పూర్తిగా న్యాయమైందేం కాదు, కానీ పదింటికి ఒకటి చొప్పునే ఆర్డర్ దాకా వచ్చింది. గ్రాంటు వచ్చిందని షెడ్ ముందు ఫ్లెక్సీ కట్టించుకునేవాళ్ళకి ఈ లెక్క ఎవరూ చెప్పరు. గ్రాంటు డబ్బుతో కంపెనీ బతకదు, ఆర్డర్‌తో బతుకుద్ది. కాబట్టి స్కీమ్ ఎంచుకోవడం దగ్గర్నుంచి ఆఖరి మైల్‌స్టోన్ దాకా ప్రతిదీ ఆర్డర్ వైపు చూస్తూ చేయాలి.

ముందు వాడేవాళ్ళు ఎవరో తేలాలి

ఐడియా ఉంది సరే, దాన్ని వాడేది ఎవరు? ఆర్మీయా, నేవీయా, ఎయిర్ ఫోర్సా, కోస్ట్ గార్డా, లేకపోతే ఒక డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) ల్యాబ్ తన మిసైల్‌లో సబ్‌సిస్టమ్‌గా పెట్టుకుంటదా, లేకపోతే బీఈఎల్, బీడీఎల్ లాంటి సర్కారు రక్షణ కంపెనీ తన ప్రోడక్ట్‌లో పార్ట్‌గా కొంటదా? ఇది తేలకుండా స్కీమ్ పేరు వెతికితే టైం వేస్టు. మన హైదరాబాద్ వాళ్ళకి ఇక్కడో అలవాటు ఉంది, చుట్టూ డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్, డీఎల్‌ఆర్‌ఎల్ లాంటి డీఆర్‌డీఓ ల్యాబులు ఉంటాయి, కంచన్‌బాగ్‌లో తెలిసిన సైంటిస్టు గారు ఒకరు ఉంటారు, ఆయన "బాగుందయ్యా" అన్నాడంటే డిఫెన్స్ మొత్తం మనదే అనుకుంటాం. ఆయన మెచ్చుకుంటే ల్యాబ్ వాడుకోవచ్చేమో, లడఖ్‌లో ఉన్న పటాలానికి అది కావాలో లేదో ఆయన చెప్పలేడు. వైజాగ్ వాళ్ళకీ అంతే, అక్కడి డీఆర్‌డీఓ ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్ వేరు, నేవీ వేరు.

అవసరాలు ఎక్కడ దొరుకుతాయంటే, ఐడెక్స్ పోర్టల్‌లో డిస్క్ అనే చాలెంజ్ రౌండ్లు వస్తుంటాయి, 2018 ఆగస్టులో 11 ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్లతో మొదలుపెట్టారు, ఇప్పుడు వందలు దాటాయి, పాతవి కూడా చదవండి, సైన్యం ఏ భాషలో అడుగుద్దో అర్థమవుద్ది. ఆర్మీ డిజైన్ బ్యూరో వాళ్ళు ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్లతో ఒక కంపెండియం వేస్తారు, అది చాలామంది తెరవనే తెరవరు గానీ బంగారం. ఇక రక్షణ శాఖ వాళ్ళు సృజన్ పోర్టల్ 2020లో పెట్టారు, బయటదేశాల నుంచి తెచ్చుకుంటున్న ఐటమ్స్ లిస్టు అందులో ఉంటుంది, అక్కడ గ్రాంటు ఉండదు కానీ కస్టమర్ ఉంటాడు. నన్నడిగితే ఒక వాల్వో సీలో బేరింగో చేసే బాలానగర్ వర్క్‌షాప్ వాళ్ళకి ఐడెక్స్ కంటే సృజనే మేలు, గ్రాంటు లేకపోయినా ఏటేటా కొనే గిరాకీ ముందే కనపడుతుంది.

ఏ స్కీమ్ ఎవరికి

ఐడెక్స్: స్టార్టప్పులు, ఎంఎస్‌ఎంఈలు, ఒంటరిగా పనిచేసే ఇన్నోవేటర్ల కోసం. మామూలు ఐడెక్స్‌లో ఒక ప్రాజెక్టుకి కోటిన్నర దాకా, ఐడెక్స్ ప్రైమ్‌లో 10 కోట్ల దాకా, 2024లో వచ్చిన అదితి స్కీమ్‌లో డీప్ టెక్ వాటికి 25 కోట్ల దాకా. "దాకా" అనే మాట గట్టిగా చదవండి, అందరికీ అంత రాదు. ఇంకా ముఖ్యమైంది, ఇది మ్యాచింగ్ గ్రాంటు, వాళ్ళు ఎంత పెడితే మీరూ అంత పెట్టాలి. ఈ ఒక్క లైను తెలియకుండా వచ్చేవాళ్ళు సగం మంది. సైన్యం అడగని ఐడియా మీ దగ్గరుంటే ఓపెన్ చాలెంజ్ అని ఉంది, అందులో మీరే ప్రపోజ్ చేయొచ్చు, కాకపోతే అడిగినదానికి జవాబివ్వడం కంటే అడగనిదాన్ని అమ్మడం ఎప్పుడూ కష్టమే.

టీడీఎఫ్: టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్, డీఆర్‌డీఓ నడిపిస్తుంది. ఒక ప్రాజెక్టుకి 50 కోట్ల దాకా, 2022 ముందు ఇది 10 కోట్లే ఉండేది. ప్రాజెక్టు ఖర్చులో 90 శాతం దాకా వాళ్ళిస్తారు, టైం నాలుగేళ్ళ దాకా. వినడానికి ఐడెక్స్ కంటే చాలా బాగుంది కదా, కానీ ఇక్కడ ప్రాజెక్టులు ఎక్కువగా వాళ్ళు పోర్టల్‌లో పెట్టిన లిస్టు నుంచే, ఒక ల్యాబ్ మీ వెనకాల నిలబడి చూస్తూ ఉంటుంది, వచ్చిన ఐపీ (ఆ టెక్నాలజీ మీద హక్కు) మీదీ డీఆర్‌డీఓదీ కలిపి ఉంటుంది. ఐడెక్స్‌లో ఐపీ మీ దగ్గరే ఉంటది, గవర్నమెంటుకి కొన్ని హక్కులు మాత్రం ఉంటాయి. సివిల్ మార్కెట్‌లో కూడా అమ్ముకుందామనుకునే వాళ్ళు ఈ ఐపీ క్లాజు ముందే లాయర్‌తో చదివించండి, సంతకం అయ్యాక చదివితే లాభం లేదు.

మేక్ అనేది రక్షణ కొనుగోలు రూల్స్‌లో ఉన్న ఇంకో దారి. మేక్-1 అంటే పెద్ద ప్లాట్‌ఫారాలు, ప్రోటోటైప్ ఖర్చులో 70 శాతం దాకా గవర్నమెంటు, మనలాంటి వాళ్ళం అందులో ఏ పెద్ద కంపెనీకో సబ్‌కాంట్రాక్టర్‌గా దూరడమే. మేక్-2 లో గ్రాంటు ఒక్క రూపాయి ఉండదు, ప్రోటోటైప్ మన డబ్బుతోనే, కానీ ట్రయల్ పాసైతే ఆర్డర్ దారి ఉంటుంది. చేతిలో ప్రోడక్ట్ దాదాపు రెడీగా ఉండి కాస్త డబ్బు ఉన్నవాళ్ళు మేక్-2 వైపు ఎందుకు చూడరో నాకు అర్థం కాదు, గ్రాంటు అనే మాట లేదని వదిలేస్తారు. డీటీఐఎస్ అని ఇంకోటి వినిపిస్తుంది, అది టెస్టింగ్ సెంటర్లు కట్టడానికి, ప్రోడక్ట్‌కి కాదు, కలిపేసుకోకండి.

ఒక మాట, ఐడెక్స్‌కీ అదితికీ శాంక్షన్ అయిన బడ్జెట్ 2025-26 దాకా లెక్క. కాబట్టి ఎవరో పాత వీడియోలో చెప్పిన అంకె పట్టుకోకుండా మీరు అప్లై చేసే రోజు పోర్టల్‌లో ఉన్న గైడ్‌లైన్స్ డౌన్‌లోడ్ చేసుకుని చదవండి.

కాగితాలు

డీపీఐఐటీ అనే కేంద్ర శాఖ ఇచ్చే స్టార్టప్ రికగ్నిషన్ గానీ ఎంఎస్‌ఎంఈలకి ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ గానీ, కంపెనీ రిజిస్ట్రేషన్, ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్లు, జీఎస్టీ, పాన్, ఇవన్నీ మీ సీఏ రెండు రోజుల్లో ఇస్తాడు, పెద్దగా చెప్పేదేం లేదు. తలనొప్పి అంతా షేర్‌హోల్డింగ్ దగ్గర. కంపెనీ ఇండియన్ల చేతిలో ఉండాలి, టీడీఎఫ్‌లో ఫారిన్ పెట్టుబడి 49 శాతం దాటకూడదు. మనవాళ్ళలో ప్రతి రెండో స్టార్టప్‌లో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బావమరిది డబ్బు ఉంటుంది. ఆయన పెట్టుబడి తిరిగి డాలర్లలో తీసుకెళ్ళే పద్ధతిలో పెట్టాడా, తీసుకెళ్ళని పద్ధతిలో పెట్టాడా అనేదాన్ని బట్టి అది ఫారిన్ అవుద్దా దేశీయం అవుద్దా అనేది మారుద్ది, పైగా ఆయన అమెరికా సిటిజన్ అయిపోయి ఓసీఐ కార్డు మీద ఉంటే ఇంకోలా అడుగుతారు. ఇది అప్లికేషన్ ముందే కంపెనీ సెక్రటరీతో కూర్చుని సర్దుకోండి, సెలెక్ట్ అయ్యాక షేర్లు కదిలిస్తే ప్రతి కదలికకీ వివరణ రాసుకుంటూ కూర్చోవాలి.

లైసెన్స్ గురించి భయపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. అన్ని డిఫెన్స్ ఐటమ్స్‌కీ ఇండస్ట్రియల్ లైసెన్స్ అక్కర్లేదు, విడిభాగాలు చాలావరకు లైసెన్స్ కావాల్సిన లిస్టులో లేవు, ఆయుధం, మందుగుండు వైపు వెళ్తేనే కథ వేరు. డ్రోన్ అయితే 2021 డ్రోన్ రూల్స్ విడిగా చూసుకోవాలి.

అప్లికేషన్‌లో ఏం రాయాలి

ఇన్వెస్టర్లకి చూపించిన పిచ్ డెక్ తీసుకొచ్చి అతికించకండి. ప్రపంచ మార్కెట్ ఎన్ని బిలియన్లో కమిటీలో కూర్చున్న కల్నల్‌కి అవసరం లేదు. ఆయన అడిగేవి ఇవి: బరువెంత, మైనస్ 20లో స్టార్ట్ అవుద్దా, బ్యాటరీ ఎన్ని గంటలు, చేతికి గ్లవ్స్ ఉండగా ఆ బటన్ నొక్కగలడా, చెడిపోతే జవాన్ అక్కడే బాగు చేసుకోగలడా లేక పెట్టెలో పెట్టి హైదరాబాద్ పంపాలా. మా మొదటి ప్రెజెంటేషన్‌లో నేను పదిహేను నిమిషాలు అల్గారిథం గురించి చెప్పా, చివర్లో ఒకాయన "దీన్ని వీపున వేసుకుని మీరు ఒక కిలోమీటర్ నడిచారా" అని అడిగాడు. నడవలేదు. ఆ రౌండ్ అక్కడితో అయిపోయింది, తప్పు పూర్తిగా నాదే.

ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్‌లో ఉన్న ప్రతి పారామీటర్‌కీ ఒక టేబుల్ వేయండి, వాళ్ళు అడిగింది ఏంటి, ఇవాళ మీ బెంచ్ మీద వచ్చేది ఎంత, ప్రోటోటైప్‌లో ఎంతకి తెస్తారు, ఎలా తెస్తారు. రానిది రాదని రాయండి. అన్నీ వస్తాయని రాసినోడిని కమిటీ నమ్మదు, ఒకవేళ నమ్మినా ఇంకా ప్రమాదం, అదే రేపు అగ్రిమెంట్‌లో ఎక్కి ట్రయల్ రోజు మెడకి చుట్టుకుంటుంది. పనిచేసే బొమ్మ ఒకటి చేతిలో ఉంటే వంద స్లైడ్ల పెట్టు, అది త్రీడీ ప్రింట్ డబ్బాలో ఉన్నా సరే. మన దగ్గర టీ-వర్క్స్ అనే ప్రోటోటైప్ సెంటర్‌లో ఇలాంటివి చేయించుకోవచ్చు, టూలింగ్ కావాలంటే బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ ఉంది. టీ-హబ్ ఐడెక్స్‌కి పార్ట్‌నర్ ఇంక్యుబేటర్, ఒకసారి వెళ్ళి మాట్లాడటానికి డబ్బులేం అడగరు.

బడ్జెట్, మైల్‌స్టోన్లు: మునిగేది ఇక్కడే

ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. ప్రాజెక్టు 3 కోట్లు, కోటిన్నర వాళ్ళది, కోటిన్నర మీది, 18 నెలలు, ఐదు మైల్‌స్టోన్లు, ఒక్కోదానికి వాళ్ళ వైపు నుంచి 30 లక్షలు అనుకోండి. కాగితం మీద చక్కగా ఉంది. ఇప్పుడు జరిగేది చూడండి. మూడో మైల్‌స్టోన్ పని మీరు మార్చిలో పూర్తి చేశారు, రిపోర్ట్ ఇచ్చారు, రివ్యూ మీటింగ్‌కి అందరికీ కుదిరే డేట్ దొరకడానికి ఒక నెల, వాళ్ళు రెండు సందేహాలు అడుగుతారు, జవాబులకి ఇంకో పదిహేను రోజులు, యూసీ అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్ సీఏ సంతకంతో పంపడం, డబ్బు పడేటప్పటికి జూన్. ఈ మూడు నెలలు మీ ఎనిమిది మంది ఇంజనీర్ల జీతాలు నెలకి ఆరు లక్షల లెక్కన 18 లక్షలు ఎక్కడ నుంచి తెస్తారు? ఐదు మైల్‌స్టోన్లకీ ఇలాగే అయితే? కాబట్టి మీ కోటిన్నర వాటా కాకుండా, ఇంకో 30, 40 లక్షలు తిప్పుకోవడానికి పక్కన లేకపోతే ఈ పనికి దిగొద్దు, ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం. ఓవర్‌డ్రాఫ్ట్ లిమిట్ ముందే పెట్టించుకోండి, గ్రాంటు అగ్రిమెంట్ చూపిస్తే బ్యాంకు మేనేజర్ టీ ఇప్పిస్తాడు గానీ లిమిట్ ఇవ్వాలంటే మళ్ళీ ఇంటి కాగితాలే అడుగుతాడు.

మైల్‌స్టోన్లు రాసేటప్పుడు రెండు విషయాలు. ఒకటి, ప్రతి మైల్‌స్టోన్ మీ చేతిలో ఉన్న పనితోనే ముగియాలి. "యూజర్ ట్రయల్ పూర్తి" అని రాశారనుకోండి, ట్రయల్ డేట్ యూనిట్ వాళ్ళ చేతిలో ఉంటుంది, మంచు పడితే ఒక సీజన్ పోతుంది, మీ డబ్బు ఆగిపోతుంది. "ట్రయల్‌కి యూనిట్లు రెడీ చేసి అప్పగించడం" అని రాయండి. రెండు, ఎక్కువ ఖర్చయ్యే సామాను కొనే మైల్‌స్టోన్ మొదట్లో రావాలి. మిలిటరీ పరికరాల్లో వాడే 38999 రకం కనెక్టర్లు ఆర్డర్ పెడితే ఎన్నో వారాలు పడుతుంది, సప్లయర్ అడ్వాన్స్ అడుగుతాడు, ఆ డబ్బు నాలుగో విడతలో వస్తుందని రాసుకుంటే ఏం చేస్తారు.

ఖర్చుల పట్టికలో మనవాళ్ళు మర్చిపోయేవి: జీఎస్టీ (గ్రాంటులో అది లెక్కలోకి వస్తుందా, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటే ఎలా అనేది సీఏని అడగండి), టెస్టింగ్ ఫీజులు, రెండోసారి టెస్టింగ్ ఫీజులు, ట్రయల్స్‌కి మనుషుల్నీ సామాన్నీ లేహ్‌కో పోఖ్రాన్‌కో తీసుకెళ్ళే ఖర్చు, స్పేర్ ప్రోటోటైప్. రెండు సెట్లు అడిగితే మూడు చేయండి, ఒకటి ఎక్కడో పగులుద్ది.

చైనా పార్టుల సంగతి

దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో ఆర్మీ కోసం కొనాల్సిన 400 లాజిస్టిక్స్ డ్రోన్ల కాంట్రాక్టులు, దాదాపు 230 కోట్లవి, చైనా విడిభాగాలు ఉన్నాయని రద్దు చేశారు. డ్రోన్‌లో ఫ్లైట్ కంట్రోలర్, మోటార్, కెమెరా మాడ్యూల్, మామూలు బాక్సులో అయితే రేడియో మాడ్యూల్, డిస్‌ప్లే, బ్యాటరీ సెల్స్ ఇవన్నీ చూసుకోవాలి. పైన మన స్టిక్కర్ వేసి లోపల షెంజెన్ బోర్డు పెడితే విప్పి చూడరనుకుంటే మీ ఖర్మ. బీఓఎం అంటే పార్టుల లిస్టులో ప్రతి లైనుకీ ఏ దేశంలో తయారైంది, ఎవరి దగ్గర కొన్నాం, బిల్లు నంబరు ఎంత అనే మూడు కాలమ్‌లు మొదటి రోజు నుంచే పెట్టండి. రేపు ఇండియన్ ఐడీడీఎం (ఇక్కడే డిజైన్, డెవలప్‌మెంట్, తయారీ అయినవి) కేటగిరీలో కొనాలంటే డిజైన్ ఇక్కడిదై ఉండాలి, ఇండిజెనస్ కంటెంట్ (2020 కొనుగోలు రూల్స్ ప్రకారం కనీసం 50 శాతం) చూపించాలి, అప్పుడు రెండేళ్ళ పాత బిల్లులు వెతుక్కోవడం నరకం.

టెస్టింగ్

ఆర్మీ ఎలక్ట్రానిక్స్‌కి జేఎస్‌ఎస్ 55555 అనే స్టాండర్డ్ ప్రకారం వేడి, చలి, తేమ, వాన, వైబ్రేషన్, కింద పడేయడం అన్నీ చేస్తారు. ఈఎంఐ ఈఎంసీకి, అంటే ఒక పరికరం నాయిస్ ఇంకోదాన్ని చెడగొట్టకుండా చూసే టెస్టులకి, మిల్ స్టాండర్డ్ 461. మొదటిది మెకానికల్ వాళ్ళు జాగ్రత్తగా చేస్తే ఎలాగోలా గట్టెక్కుతుంది, రెండోదే ఉసురు తీస్తుంది. మా బాక్స్ ఆర్‌ఈ 102లో, అంటే బాక్స్ గాలిలోకి వదిలే నాయిస్ కొలిచే టెస్టులో, రెండుసార్లు ఫెయిల్ అయింది, చూస్తే చవగ్గా వస్తుందని తీసుకున్న డీసీ-డీసీ కన్వర్టర్, పైగా మూత కింద గ్యాస్కెట్ సరిగా కూర్చోలేదు. ఫిల్టర్, షీల్డింగ్, గ్రౌండింగ్ డిజైన్ మొదట్లోనే చూడాలి, చివర్లో రాగి టేపు చుట్టి పాస్ చేయిద్దామంటే కుదరదు. హైదరాబాద్‌లోనే ఈటీడీసీ అనే సర్కారు ఎలక్ట్రానిక్స్ టెస్టింగ్ ల్యాబ్ ఉంది, డీఆర్‌డీఓ కూడా తన టెస్ట్ సౌకర్యాల్లో చాలావాటిని డబ్బు కట్టించుకుని ఇండస్ట్రీకి ఇస్తుంది, స్లాట్ మాత్రం నెలల ముందు అడగాలి. అసలు టెస్టుకి ముందు ఒక పూట ప్రీ-కంప్లయన్స్, అంటే ముందస్తు రిహార్సల్ టెస్టు, స్లాట్ కొనుక్కోండి, ఆ ఖర్చుకి ఏడవకండి.

గ్రాంటు వచ్చాక

గ్రాంటుకి వేరే బ్యాంకు అకౌంటు, అందులోంచి షెడ్ అద్దె బాకీలు కట్టకండి, తర్వాత సర్దుదాం అనుకున్న ప్రతివాడూ ఆడిట్‌లో దొరికాడు. ప్రతి కొనుగోలుకీ మూడు కొటేషన్లు, స్టాక్ రిజిస్టర్, గ్రాంటుతో కొన్న పరికరాల లిస్టు విడిగా.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. మీకు కేటాయించిన నోడల్ ఆఫీసర్ రెండు మూడేళ్ళకి బదిలీ అయిపోతారు, ప్రాజెక్టు మధ్యలో. కొత్తగా వచ్చినాయన "ఇది ఎవరు ఒప్పుకున్నారు, మాకు డిస్‌ప్లే పెద్దది కావాలి" అంటారు, ఆయన తప్పు కాదు, ఆయనకి చరిత్ర తెలీదు. కాబట్టి ప్రతి మీటింగ్ తర్వాత అదే రోజు మినిట్స్ రాసి మెయిల్ పెట్టండి, "ఈరోజు అనుకున్నవి ఇవి, తేడా ఉంటే చెప్పగలరు సార్" అని. మార్పు అడిగితే కాదనకండి, దానికెంత టైం, ఎంత డబ్బు అనేది రాసి మైల్‌స్టోన్ సవరణ అడగండి. నోటి మాట మీద పని చేసి ఆర్నెల్లు పోగొట్టుకున్న వాడిగా చెప్తున్నా.

ప్రోటోటైప్ ఒప్పుకున్నాక కూడా ఆర్డర్ వెంటనే రాదు, అవసరం ఉందని ఆమోదం, తర్వాత ఆర్‌ఎఫ్‌పీ (ధర, వివరాలు అడిగే టెండర్ కాగితం), ట్రయల్స్, ధర బేరం, అప్పుడు కాంట్రాక్టు. చాలెంజ్‌లో కనీసం ఎన్ని కొంటారో రాసి ఉందో లేదో అప్లై చేసేరోజే చూసుకోమనేది ఇందుకే, పది యూనిట్లు అని ఉంటే దానికోసం మోల్డు కొట్టించకండి, సీఎన్‌సీలోనే చెక్కించండి. ఈ ఖాళీ నెలల్లో బతకడానికి అదే బాక్స్‌కి సివిల్ రూపం ఒకటి ఉండాలి, పోలీసులకో, రైల్వేకో, గనులకో. మేము అలాగే ఏడాది నెట్టుకొచ్చాం. ఎగుమతి ఆలోచన ఉంటే స్కోమెట్ లిస్టులో, అంటే ఎగుమతికి సర్కారు పర్మిషన్ కావాల్సిన వాటి లిస్టులో, మీ ఐటమ్ ఉందా చూసుకోండి, ఉంటే పర్మిషన్ లేకుండా శాంపిల్ కూడా కొరియర్ చేయకూడదు.

చివరగా, "సార్ పదిశాతం ఇవ్వండి, ఢిల్లీలో మా మనిషి ఉన్నాడు, శాంక్షన్ చేయిస్తాం" అని ఫోన్లు వస్తాయి, రిజల్ట్ లిస్టులో పేరు పడ్డ వారంలోనే మొదలవుతాయి. అప్లికేషన్ ఫారం నింపడానికి సాయం చేసే కన్సల్టెంట్‌కి ఫీజు ఇస్తే ఇవ్వండి, రసీదు తీసుకుని. గ్రాంటులో వాటా అడిగేవాడి నంబర్ బ్లాక్ చేసేయండి, ఎందుకంటే ఆ పదిశాతం యూసీలో ఏ హెడ్ కింద చూపిస్తారు చెప్పండి?